ఇమనోల్ అల్గ్వాసిల్: ఓరియో రైట్ బ్యాక్ నుంచి రియల్ సోసియెదాద్ కోచ్ దాకా

మిడ్‌ఫీల్డ్ మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. స్పెయిన్ ప్రావిన్సులన్నిటిలోకీ విస్తీర్ణంలో చిన్నది, బాస్క్ ప్రాంతంలోని గిపుస్కోవా. జనాభా ఏడు లక్షల పైచిలుకు మాత్రమే. అక్కడ పుట్టిన కోచ్‌ల పేర్లు చెప్పమంటే మనలో చాలామంది మికెల్ ఆర్తేతా, చాబి అలోన్సో, ఉనాయ్ ఎమెరీ అని తడుముకోకుండా చెబుతారు. అదే ప్రావిన్సు సొంత క్లబ్బైన రియల్ సోసియెదాద్‌ను ఆరేళ్లకు పైగా నడిపి, 34 ఏళ్ల తర్వాత దానికొక పెద్ద ట్రోఫీ తెచ్చిపెట్టిన ఇమనోల్ అల్గ్వాసిల్ పేరు మాత్రం ఎవరో గుర్తుచేస్తే తప్ప రాదు. ఆ లోటు తీర్చడానికే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఇమనోల్ 1971 జూలై 4న ఓరియోలో పుట్టారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరికి ఫుట్‌బాల్ కంటే పడవ పందాల్లోనే పేరెక్కువ. 1990 నుంచి 1998 దాకా ఆయన రియల్ సోసియెదాద్‌లో రైట్ బ్యాక్‌గా, అంటే కుడివైపు డిఫెండర్‌గా ఆడారు. పాత అతోచా మైదానంలోనూ, 1993లో క్లబ్ మారిన అనోయెతా మైదానంలోనూ ఆడిన తరం అది. స్పెయిన్ సీనియర్ జట్టులో ఆయనకు ఎన్నడూ చోటు దక్కలేదు. తర్వాత విల్యారియల్, కార్తాహెనా, బుర్గోస్ వంటి చోట్ల ఆడి రిటైరయ్యారు. ఆటగాడిగా ఆయన గురించి ఇంతకంటే పొడిగించి చెప్పవలసింది లేదని నా అభిప్రాయం. నమ్మకంగా పనిచేసే డిఫెండర్, అంతే.

అసలు కథ 2014 నవంబరులో మొదలవుతుంది. డేవిడ్ మోయెస్ ప్రధాన జట్టుకు కోచ్‌గా వచ్చిన ఆ సమయంలోనే, సాన్సే అని అందరూ పిలిచే రిజర్వ్ జట్టు బాధ్యత ఇమనోల్ చేతికి వచ్చింది. నా వాదన ఏమిటంటే, ఆయన్ని కోచ్‌గా తీర్చిదిద్దింది ఆటగాడిగా గడిపిన కాలం కంటే సాన్సేలో గడిపిన ఆ నాలుగేళ్లే. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

లెక్కల రాజు:

మాస్టారూ, చర్చ మొదలుపెట్టినందుకు ధన్యవాదాలు. ముందుగా అంకెలను ఒకచోట పెడితే తర్వాత వాదించుకోవడం సులువవుతుంది. ఇమనోల్ 2018 డిసెంబరు చివర్లో పగ్గాలు పట్టిన సీజన్‌లో జట్టు 9వ స్థానంలో ముగించింది. తర్వాతి ఐదు సీజన్లలో వరుసగా 6, 5, 6, 4, 6 స్థానాలు వచ్చాయి, అంటే ఐదేళ్లూ ఐరోపా పోటీలకు అర్హత దక్కింది. ఈ క్లబ్ చరిత్రలో అంతకుముందు ఎవరూ అలా వరుసగా ఐదుసార్లు చేయలేదు. 2022-23లో 71 పాయింట్లతో నాలుగో స్థానం సాధించి, పదేళ్ల తర్వాత మళ్లీ చాంపియన్స్ లీగ్‌లో అడుగుపెట్టారు.

అయితే మరో కోణంలో కూడా చూడాలి. 2021-22లో ఆ జట్టు 62 పాయింట్లు సంపాదించింది గానీ 38 మ్యాచ్‌లలో కొట్టిన గోల్స్ 40 మాత్రమే, ఇచ్చినవి 37. ఆరో స్థానంలో నిలిచిన జట్టుకు గోల్స్ తేడా మూడంటే, గెలిచిన ప్రతి మ్యాచ్‌నూ పళ్లబిగువున గెలిచినట్టే. ఆఖరి సీజన్ 2024-25లో గోల్స్ 35కు పడిపోయాయి, స్థానం 11కు జారింది. కనుక ఇమనోల్ గురించి మాట్లాడేటప్పుడు ఆయన డిఫెన్స్‌ను ఎలా కట్టారన్నది ఎంత ముఖ్యమో, ఎదుటి పెట్టె (గోల్ ముందరి పెనాల్టీ బాక్స్) దగ్గరికి చేరాక జట్టు ఎందుకు తడబడిందన్నదీ అంతే ముఖ్యం.

అర్ధరాత్రి ప్రేక్షకుడు:

అంకెలు బాగున్నాయి గానీ, ఆయన పగ్గాలు పట్టిన తీరును కూడా గుర్తుచేసుకోవాలి. ఇమనోల్‌ను క్లబ్ మొదట తాత్కాలికంగానే వాడుకుంది. 2018 మార్చిలో యూసేబియో సాక్రిస్తాన్‌ను తొలగించాక సీజన్ ముగిసే దాకా చూసుకోమన్నారు. ఆ కొద్ది వారాల్లోనే అట్లెటికో మాడ్రిడ్‌ను అనోయెతాలో 3-0తో ఓడించారు. అయినా వేసవిలో అసియెర్ గరితానోను తెచ్చి, ఇమనోల్‌ను తిరిగి సాన్సేకు పంపించారు. ఆయన మారు మాట్లాడకుండా వెళ్లారు. డిసెంబరులో గరితానోను కూడా తొలగించాక మళ్లీ ఆయన్నే పిలవవలసి వచ్చింది. 2019 జనవరి 6న రియల్ మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబేవులో ఆ జట్టుపై 2-0 గెలుపుతో ఈ రెండో విడత మొదలైంది.

పెద్ద పేరున్న కోచ్‌కైతే ఇలా పిలిచి, పంపించి, మళ్లీ పిలిచే ధైర్యం ఏ క్లబ్బూ చేయదు. సొంత మనిషి కాబట్టి అలుసుగా చూశారనే నాకు అనిపిస్తుంది. అదే సొంత మనిషి తర్వాత ఆరేళ్లపాటు వాళ్లకు కోచ్‌ను వెదికే పని లేకుండా చేశారు.

విశాఖ తీరం:

మాస్టారు సాన్సే గురించి అన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, దానికి కొంత వివరం జోడిస్తాను. మార్తిన్ సుబిమెందీ, రాబిన్ లె నార్మాండ్, ఇగోర్ సుబెల్దియా, ఆందోని గోరోసబెల్ వంటివారు సాన్సేలో ఇమనోల్ చేతి కింద ఆడిన తర్వాతే ప్రధాన జట్టుకు వచ్చారు. వీరిలో లె నార్మాండ్ కథ ప్రత్యేకమైనది. ఆయన ఫ్రాన్స్‌లోని బ్రెస్త్ నుంచి 2016లో నేరుగా రిజర్వ్ జట్టులో చేరారు. అప్పట్లో ఆయన ఎవరో క్లబ్ సొంత ఊరు సాన్ సెబాస్టియన్‌లో కూడా పెద్దగా ఎవరికీ తెలియదు. తర్వాత స్పెయిన్ పౌరసత్వం తీసుకుని, 2024లో యూరో కప్ గెలిచిన స్పెయిన్ జట్టులో సెంటర్ బ్యాక్ అయ్యారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మామూలుగా కొత్త కోచ్ వచ్చినప్పుడు తన పద్ధతిని ఆటగాళ్లకు నేర్పడానికి నెలలు పడుతుంది, ఈలోగా ఫలితాలు రాకపోతే ఉద్యోగం పోతుంది. ఇమనోల్‌కు ఆ ఇబ్బంది సగానికి సగం తగ్గింది, ఎందుకంటే జట్టులో సగం మందికి ఆయన అరుపులకు అర్థం అప్పటికే తెలుసు. (ఆయన గీత పక్కన నిలబడి అరిచే అరుపులు టీవీ శబ్దం తగ్గించినా వినిపిస్తాయి, అది వేరే సంగతి.)

డిఫెన్స్ విషయానికి వస్తే, డిఫెండర్‌గా ఆడినవారు కోచ్ అయితే జట్టును వెనక్కి లాగి గోల్ ముందు గోడ కడతారని చాలామంది అనుకుంటారు. ఇమనోల్ దానికి సరిగ్గా ఎదురుగా వెళ్లారు. ఎదుటి జట్టు గోల్‌కీపర్ బంతి అందుకున్న క్షణం నుంచే ఒక్కొక్క ప్రత్యర్థికి ఒక్కొక్క మనిషిని అంటగట్టి, బంతిని వాళ్ల సగంలోనే లాక్కోవడం ఆయన పద్ధతి. ఫార్వర్డ్‌లు పరుగెత్తకపోతే ఈ పద్ధతి నిలవదు. వెనుక ఉన్న సెంటర్ బ్యాక్‌లకు సగం మైదానం ఖాళీగా మిగులుతుంది, ఒక పొడవాటి పాస్ చాలు, కథ ముగిసిపోతుంది. 2021 మార్చిలో సొంత మైదానంలో బార్సిలోనా చేతిలో 6-1తో ఓడిన మ్యాచ్‌లో జరిగింది అదే.

బిల్బావో అభిమాని:

నేను బిల్బావో జట్టైన అథ్లెటిక్ క్లబ్ అభిమానిని. అయినా ఇమనోల్ మీద నాకు గౌరవం ఉంది. విశాఖ తీరం గారు చెప్పిన ఆ 6-1 ఓటమి తర్వాత రెండు వారాలైనా తిరగకుండానే, అంటే 2021 ఏప్రిల్ 3న, సెవియాలోని లా కార్తుహా మైదానంలో మా జట్టుతో కోపా దెల్ రే (స్పెయిన్ జాతీయ కప్పు) ఫైనల్ జరిగింది. అది నిజానికి 2019-20 సీజన్ ఫైనల్. కోవిడ్ వల్ల ఆగిపోతే, ప్రేక్షకులు లేకుండా ఈ మ్యాచ్ ఆడేది లేదని రెండు క్లబ్బులూ కలిసి సమాఖ్యను కోరి ఏడాది వాయిదా వేయించాయి. బాస్క్ జట్ల మధ్య అటువంటి ఫైనల్ మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు గనుక, ఐరోపా పోటీకి కోపా ద్వారా వచ్చే చోటును కూడా వదులుకోవడానికి సిద్ధపడ్డారు. చివరికి ఏడాది ఆగినా ప్రేక్షకులకు అనుమతి దొరకలేదు. ఖాళీ కుర్చీల ముందే ఆడవలసి వచ్చింది.

ఆ మ్యాచ్ ఒకే ఒక్క గోల్‌తో తేలింది. మికెల్ మెరీనో ఇచ్చిన పొడవాటి పాస్‌ను అందుకుని పోర్తూ పెట్టెలోకి దూసుకువెళ్తుంటే మా ఇన్యిగో మార్తినెస్ పడగొట్టాడు. పెనాల్టీని మికెల్ ఒయార్సబాల్ గోల్‌గా మలిచాడు. ఇన్యిగో రియల్ సోసియెదాద్ అకాడమీలో పెరిగి, 2018 జనవరిలో ఒప్పందంలో రాసిన 3.2 కోట్ల యూరోల విడుదల మొత్తం కట్టి మేము తెచ్చుకున్న డిఫెండర్ కావడం ఆ రాత్రి మాకు మింగుడుపడలేదు. అటువైపు గోల్‌లో నిలబడ్డ అలెక్స్ రెమీరో మా అకాడమీలో పెరిగి 2019లో వాళ్ల దగ్గరికి వెళ్లినవాడు. రెండు వారాల తర్వాత, మరుసటి సీజన్ (2020-21) కోపా ఫైనల్లో బార్సిలోనా చేతిలో 4-0తో కూడా ఓడిపోయాం. ఆ ఏప్రిల్ గురించి ఇంతకు మించి రాయలేను.

మిడ్‌ఫీల్డ్ మాస్టారు:

బిల్బావో అభిమాని గారి నిజాయితీకి జోహార్లు. ఆ ఫైనల్లో నన్ను ఆకట్టుకున్న సంగతి ఒకటి చెబుతాను. బార్సిలోనాతో ఆరు గోల్స్ ఇచ్చిన జట్టు రెండు వారాల్లో తన పద్ధతి మార్చుకోలేదు. అదే ఎత్తున డిఫెన్స్ వరుసను నిలబెట్టింది, అదే విధంగా పైనుంచి ఒత్తిడి చేసింది. తేడా ఏమిటంటే, మార్సెలీనో శిక్షణలోని అథ్లెటిక్ ఎదురుదాడులకు పేరుపడ్డ జట్టు గనుక, బంతి పోయిన వెంటనే సుబిమెందీ, మెరీనో ఇద్దరూ దాని వెంట పడకుండా ఒకరు ఆగి దారి మూసేవారు. తొంభై నిమిషాల్లో అథ్లెటిక్‌కు చెప్పుకోదగ్గ గోల్ అవకాశాలు చాలా తక్కువ వచ్చాయి. ఆట అందంగా ఉందని ఎవరూ అనరు గానీ, రైట్ బ్యాక్ ఆలోచన అంటే ఏమిటో చూడాలనుకునేవారికి అదొక పాఠం.

అర్ధరాత్రి ప్రేక్షకుడు:

ఆ రాత్రి విలేకరుల సమావేశం సంగతి ఎవరూ ప్రస్తావించలేదేమిటి? ఇమనోల్ కోచ్‌గా అడిగిన ప్రశ్నలకు ఓపికగా సమాధానాలు చెప్పి, ఇక ఒక అభిమానిగా ప్రవర్తించడానికి అనుమతి కోరి, నీలం తెలుపు చారల జెర్సీ తొడుక్కుని, మెడలోని కండువా రెండు చేతులతో పైకెత్తి, గొంతు చించుకుని జట్టు నినాదాలు అరిచారు. ఖాళీ మైదానంలో అభిమానులు అరవలేకపోయిన అరుపును ఆయన ఒక్కరే అరిచినట్టుంది. క్లబ్ అంతకుముందు కోపా గెలిచిన 1987లో ఆయన పదిహేనేళ్ల కుర్రవాడు అని గుర్తుంచుకుంటే, ఆ అరుపులో నటన ఏమాత్రం లేదని తెలుస్తుంది.

లెక్కల రాజు:

ఆ వీడియో చూసి కంటతడి పెట్టినవారిలో నేనూ ఉన్నాను గానీ, చర్చ భావోద్వేగాల వైపు మళ్లకుండా ఒక ప్రశ్న వేస్తాను. ఈ విజయంలో ఇమనోల్ వాటా ఎంత, స్పోర్టింగ్ డైరెక్టర్ రొబెర్తో ఒలాబే వాటా ఎంత? 2018 మార్చిలో ఒలాబే వచ్చిన తర్వాతే క్లబ్ తీరు మారింది. 2019 వేసవిలో మార్టిన్ ఓడెగార్డ్‌ను మాడ్రిడ్ నుంచి అప్పుగా తేవడం, అలెగ్జాండర్ ఇసాక్‌ను దోర్త్‌ముంద్ నుంచి కొనడం, 2020లో దవీద్ సిల్వాను ఉచితంగా పట్టుకురావడం, 2022లో తకెఫూసా కుబో, బ్రైస్ మెందెస్‌లను చేర్చడం, ఇవన్నీ ఆయన ఆధ్వర్యంలో జరిగినవే. క్లబ్ సొంత సుబియేతా అకాడమీ అయితే చాలా ఏళ్లుగా ఆ క్లబ్ ఆలోచనా విధానంలో భాగం. ఇన్ని ఆసరాలు ఉన్న చోట మరో మంచి కోచ్ కూడా ఇదే సాధించి ఉండేవాడు కాదా?

విశాఖ తీరం:

రాజు గారూ, ఆసరాలు ఉన్నమాట నిజమే. అయితే అవే ఆసరాలతో అసియెర్ గరితానో ఒక్క సీజన్ కూడా నిలవలేకపోయారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒలాబే అప్పటికే వచ్చి ఉన్నారు, సుబియేతా అక్కడే ఉంది, ఒయార్సబాల్, మెరీనో జట్టులోనే ఉన్నారు.

ఇమనోల్ వాటా ఎంతో తేల్చాలంటే 2022 శరదృతువును చూడమంటాను. ఆ మార్చిలోనే ఒయార్సబాల్ మోకాలి స్నాయువు తెగి నెలల తరబడి దూరమయ్యాడు, ఆగస్టులో ఇసాక్ న్యూకాసిల్‌కు వెళ్లిపోయాడు, అతని స్థానంలో కొన్న ఉమర్ సాదిక్ చేరిన కొద్ది రోజులకే తీవ్రంగా గాయపడ్డాడు. అంటే జట్టు ముందువరుస మొత్తం లేకుండా పోయింది. ఆ సీజన్‌లో, అంతకుముందు ఇష్టంగా ఆడించిన 4-3-3ను (నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు) ఇమనోల్ పక్కన పెట్టి, మిడ్‌ఫీల్డ్‌లో నలుగురిని వజ్రాకారంలో నిలిపారు. వెనుక సుబిమెందీ, ఇరుపక్కలా మెరీనో, బ్రైస్, ముందు సిల్వా. వారికి పైన ఎప్పుడూ రెక్కల మీద (మైదానం అంచుల్లో) ఆడే కుబోను అలెగ్జాండర్ సోర్లోత్ పక్కన రెండో ఫార్వర్డ్‌గా పెట్టారు. అప్పుడు ముప్పై ఆరేళ్లున్న సిల్వా పరుగెత్తవలసిన దూరం తగ్గింది, కుబో గోల్‌కు దగ్గరయ్యాడు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించి యూరోపా లీగ్ గ్రూపులో వాళ్లకంటే పైన నిలిచింది ఈ అమరికతోనే, లీగులో నాలుగో స్థానం సాధించిందీ ఈ అమరికతోనే. ఆ ఆటగాళ్లను ఒలాబే తెచ్చి ఉండవచ్చు. వాళ్లను ఆ చోట్లలో నిలబెట్టింది ఇమనోల్.

పాత పత్రిక:

చర్చ ఆసక్తిగా సాగుతోంది, కొంచెం వెనక్కి వెళ్లడానికి అనుమతించండి. రియల్ సోసియెదాద్‌కు ఇమనోల్ కంటే ముందే మరొక బాస్క్ డిఫెండర్ కోచ్ అయి చరిత్ర సృష్టించారు. ఆయన ఎయిబార్‌లో పుట్టిన అల్బెర్తో ఒర్మాయెచెయా. ఆటగాడిగా పన్నెండేళ్లు అదే క్లబ్బుకు డిఫెన్స్‌లో ఆడి, 1978 నుంచి 1985 వరకు కోచ్‌గా ఉన్నారు. 1979-80లో ఆ జట్టు చివరి రెండు మ్యాచ్‌లు మిగిలి ఉన్నంత దాకా ఓటమి ఎరుగదు. సెవియాలో ఒక్క మ్యాచ్ ఓడి టైటిల్‌ను మాడ్రిడ్‌కు వదులుకుంది. మరుసటి ఏడాది హిహోన్‌లో ఆఖరి క్షణాల్లో హెసూస్ మరీయా సమోరా కొట్టిన గోల్‌తో 2-2 డ్రా చేసుకుని తొలి లీగ్ టైటిల్ గెలిచింది, 1982లో రెండోదీ గెలిచింది. ఆనాటి జట్టంతా బాస్క్ ఆటగాళ్లే. బయటి ఆటగాళ్లను తీసుకోకూడదన్న నియమాన్ని క్లబ్ 1989లో లివర్‌పూల్ నుంచి జాన్ ఆల్డ్రిజ్‌ను కొన్నప్పుడు గానీ వదులుకోలేదు.

ఇద్దరినీ పోల్చి ఎవరు గొప్ప అని అడగడం నాకు నచ్చదు. ఒర్మాయెచెయా కాలంలో మంచి ఆటగాడు క్లబ్ వదిలి వెళ్లడం చాలా అరుదు, కాబట్టి ఆయన ఒకే జట్టును ఏళ్ల తరబడి సానబట్టగలిగారు. ఇమనోల్ ప్రతి వేసవిలోనూ తన మంచి ఆటగాళ్లలో ఒకరినో ఇద్దరినో పోగొట్టుకుంటూ మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. 2024లో మెరీనో ఆర్సెనల్‌కు, లె నార్మాండ్ అట్లెటికోకు ఒకే వేసవిలో వెళ్లిపోయారు. సుబిమెందీ కూడా లివర్‌పూల్ పిలుపును కాదని ఒక్క ఏడాది ఆగాడే గానీ, ఆ తర్వాత అతనూ ఆర్సెనల్‌కే వెళ్లాడు.

లెక్కల రాజు:

పాత పత్రిక గారు చెప్పినది ఆఖరి సీజన్‌ను చక్కగా వివరిస్తుంది, అయినా నాకు పూర్తి తృప్తి కలగలేదు. మెరీనో వెళ్లడం వల్ల మిడ్‌ఫీల్డ్ నుంచి పెట్టెలోకి వచ్చే మనిషి లేకపోయాడన్నది నిజం. కానీ గోల్స్ కరువు అంతకుముందే మొదలైందని 2021-22 అంకె చెబుతోంది. ఇమనోల్ పద్ధతిలో రెక్కల ఆటగాళ్లు ఎదుటి సెంటర్ బ్యాక్‌ల మీద పడి పరుగులు తీసి తీసి, తమకు బంతి వచ్చేసరికి ఊపిరి లేకుండా మిగులుతారు. వారానికి రెండు మ్యాచ్‌ల చొప్పున ఐదేళ్లు అలా ఆడిస్తే గాయాలు రాక తప్పదు. వసంతం వచ్చేసరికి జట్టు చతికిలపడడం దాదాపు ప్రతి ఏడూ చూశాం. ఐరోపా నాకౌట్లలో 2021లో యునైటెడ్, 2022లో లైప్‌సిగ్, 2023లో రోమా, 2024లో పారిస్, 2025లో మళ్లీ యునైటెడ్ ఇంటికి పంపాయి. గ్రూపుల్లో మెరిసి, నాకౌట్లలో మొదటి గడప దగ్గరే ఆగిపోవడం నాలుగేళ్లు వరుసగా జరిగి, ఐదో ఏడు కూడా ఒక్క గడపే దాటగలిగితే దాన్ని దురదృష్టమని సరిపెట్టుకోలేం.

మిడ్‌ఫీల్డ్ మాస్టారు:

రాజు గారి విమర్శలో బలముంది. ఇమనోల్ ఆటగాళ్లను మార్చి మార్చి ఆడించేవారు గానీ, ఆట వేగాన్ని మాత్రం తగ్గించేవారు కాదు. ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నప్పుడు బంతిని తమ దగ్గర ఉంచుకుని ఊపిరి తీసుకునే ఓర్పు ఆ జట్టులో సిల్వాకు ఉండేది. 2023 వేసవిలో మోకాలి గాయంతో సిల్వా ఆట విరమించాక ఆ ఓర్పు నేర్పేవారు లేకపోయారు. నా దృష్టిలో మెరీనో నిష్క్రమణ కంటే ఇదే పెద్ద నష్టం. దాన్ని పూడ్చే ప్రయత్నం క్లబ్ చేయలేదు, కోచ్ కూడా గట్టిగా అడిగినట్టు కనిపించలేదు.

అయితే పారిస్ చేతిలో ఓటమిని మిగతావాటితో కలపడం నాకు సమ్మతం కాదు. ఆ సీజన్ చాంపియన్స్ లీగ్‌లో ఇంటర్, బెన్ఫికా, సాల్స్‌బుర్గ్ ఉన్న గ్రూపులో ఆరు మ్యాచ్‌లూ ఓడకుండా, మొత్తం రెండే గోల్స్ ఇచ్చి, అంతకుముందు ఏడాది ఫైనలిస్టు ఇంటర్‌ను గోల్స్ తేడాతో వెనక్కి నెట్టి అగ్రస్థానం సాధించారు. పారిస్‌తో తొలి మ్యాచ్ మొదటి సగంలో కూడా మంచి ఆట వాళ్లదే. ఎంబాపే లాంటివాడు ఎదుటి జట్టులో ఉన్నప్పుడు ఎత్తున నిలబెట్టిన డిఫెన్స్ వరుస ఎంతసేపు ఆగుతుందన్నదే అక్కడ తేలింది.

బిల్బావో అభిమాని:

ఇంత మాట్లాడుకున్నాక కూడా మా వైపు రైట్ బ్యాక్ పేరు రాకపోవడం అన్యాయం. ఉసుర్బిల్ ఊరివాడైన ఆందోని ఇరావోలా మా జట్టుకు 510 మ్యాచ్‌లు ఆడిన రైట్ బ్యాక్. ఉసుర్బిల్ కూడా ఓరియో లాగే ఓరియా నది ఒడ్డునే, కాస్త ఎగువన ఉంటుంది. 2019-20 కోపా సెమీఫైనల్లో ఇమనోల్ జట్టుకు ఎదురైన రెండో డివిజన్ మిరాందెస్‌కు కోచ్ ఆయనే. సెల్తా, సెవియా, విల్యారియల్ జట్లను వరుసగా ఇంటికి పంపి అక్కడిదాకా వచ్చారు. అనోయెతాలో 2-1, మిరాందాలో 1-0, రెండుసార్లూ ఇమనోలే గెలిచారు గానీ చెమటోడ్చి గెలిచారు. ఆ రెండో మ్యాచ్‌లో కూడా గోల్ ఒయార్సబాల్ పెనాల్టీయే. తర్వాత రాయో వాయెకానోలోనూ, బోర్న్‌మత్‌లోనూ ఇరావోలా ఆడించిన ఆట చూస్తే, మనిషికి మనిషిని అంటగట్టే ఆ ఒత్తిడి ఇమనోల్ పద్ధతికి దగ్గరి చుట్టమని తెలుస్తుంది. ఇరావోలా జట్టు బంతి దొరకగానే నేరుగా గోల్ వైపు వెళ్తుంది. ఇమనోల్ జట్టు ఒకసారి ఆగి, మిడ్‌ఫీల్డ్‌కు ఇచ్చి, అమరిక సరిచూసుకుని వెళ్తుంది. గోల్స్ కరువుకు కారణం వెదుకుతున్న రాజు గారు ఈ ఆగడాన్ని కూడా లెక్కలో వేసుకోవాలని మనవి.

లెక్కల రాజు:

వేసుకున్నాను. నిజానికి ఇప్పటిదాకా వచ్చిన వాదనల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

హనుమకొండ 11:

అందరికీ నమస్కారం. నేను ఈ వేదికకు కొత్త. స్పెయిన్ లీగ్ పెద్దగా చూసినవాడిని కాను. ఈ చర్చ చదివాక ఇమనోల్ జట్టు ఆట చూడాలనిపించింది. ఆయన ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? పాత మ్యాచ్‌లు చూడాలంటే వేటితో మొదలుపెట్టాలి?

విశాఖ తీరం:

స్వాగతం హనుమకొండ గారూ. 2024-25 సీజన్ తర్వాత ఇమనోల్ కొనసాగబోరన్న నిర్ణయం 2025 ఏప్రిల్‌లో వెలువడ్డాక, మే నెలలో అనోయెతా వీడ్కోలు పలికింది. ఆయన స్థానంలోకి మళ్లీ సాన్సే నుంచే సెర్హియో ఫ్రాన్సిస్కోను తెచ్చారు. ఇమనోల్ అదే వేసవిలో సౌదీ అరేబియాకు చెందిన అల్ షబాబ్ క్లబ్ బాధ్యతలు స్వీకరించారు. సొంత ప్రాంతం దాటి ఆయన కోచ్‌గా పనిచేయడం అదే మొదలు.

మ్యాచ్‌ల విషయానికి వస్తే, కోపా ఫైనల్‌తో మొదలుపెట్టవద్దని నా సలహా. ముందు వెనుకలు తెలియకుండా చూస్తే విసుగు వస్తుంది. 2020 ఫిబ్రవరి 6న బెర్నబేవులో రియల్ మాడ్రిడ్‌పై 4-3తో గెలిచిన కోపా క్వార్టర్ ఫైనల్ ముందు చూడండి. మాడ్రిడ్ నుంచి అప్పుగా వచ్చిన ఓడెగార్డ్ మాడ్రిడ్ మీదే తొలి గోల్ కొడతాడు, ఇసాక్ రెండో సగంలో వెంటవెంటనే రెండు కొడతాడు. చివర్లో 4-1 ఆధిక్యం 4-3కు తగ్గి గుండె ఆగినంత పని అవుతుంది. ఆ తర్వాత 2023 నవంబరులో అనోయెతాలో బెన్ఫికాపై 3-1 గెలుపు చూడండి. మొదటి అరగంట లోపే మూడు గోల్స్ పడతాయి. ఆ అరగంటలో బంతి వైపు కాకుండా బెన్ఫికా డిఫెండర్ల వైపు చూస్తూ ఉండండి. వాళ్లు తల ఎత్తి పాస్ ఇవ్వబోయిన ప్రతిసారీ ఎదురుగా ఒక నీలం తెలుపు జెర్సీ ఎంత ముందుగా వచ్చి నిలబడుతోందో గమనించండి. ఆ రెండూ అయ్యాక ఫైనల్ చూస్తే, మాస్టారు పైన రాసిన సుబిమెందీ, మెరీనోల సంగతి తేలికగా పట్టుబడుతుంది.